మా అక్క నడక నేను నడిచిన ఏడాది

నా దవడ ఎముక తిరిగి వచ్చింది. పోయిన మంగళవారం గడ్డం గీస్తూ మంగలి అంజయ్య దాన్ని కనిపెట్టి, "మున్షీ సాబ్, గీడ ఏందో గట్టిగ తాకుతున్నది" అన్నాడు. నేను అద్దం లాక్కుని, దూరదేశం నుంచి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు దాన్ని చూసుకున్నాను. దాదాపు ఏడాది పాటు అది నా మొహంలో ఎక్కడో అడుగున పడిపోయింది. ఆ మొహం ఎంతదంటే, నేను వీధి మలుపు తిరిగితే ముందు మొహం వచ్చేది, చాలాసేపటికి వెనక నేను వచ్చేవాణ్ణి.

ఇలా పెంచి చెప్పడం నా వృత్తి. నిజామాబాదు కచేరీ ముందు చాప పరుచుకుని అర్జీలు రాస్తాను. ఎవరి పొలంలోనైనా ఒక మేక పడిందంటే నా కలం కింద అది మంద అవుతుంది. పక్కింటి గోడ జానెడు జరిగితే మూడు మూరలు జరుగుతుంది. అధికారులు నా అర్జీల్లో ప్రతి అంకెనూ నాలుగుతో భాగించి చదువుతారని ఊళ్లో అంటారు. మీరూ అలాగే చదువుకోండి, నాకు కోపం లేదు. మా అక్క గురించి చెప్పబోయేవి మాత్రం భాగించవద్దు. అక్కడ నేను ఏదీ పెంచలేదు. పెంచాల్సిందంతా ముందే పెంచి పదిమందికీ పంచేశాను. ఇది రాయడానికి కారణం అదే.

మా రాజక్క నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దది. బోధన్ అవతల చెరుకు పండే ఊళ్లో ఇచ్చారు. బావ పోయాక, పిల్లలు లేరు గనుక, మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన రోజున చువ్వలా ఉండేది. నాలుగైదేళ్లు గడిచేసరికి ఒళ్లు పెరగడం మొదలైంది. ఆమె తినేది మధ్యాహ్నం ఒక్క పూట. ఏకాదశికీ శనివారానికీ అదీ లేదు. అయినా పెరుగుతూనే ఉంది. ఇటు నా భార్య లక్ష్మి తమ్ముడు నర్సయ్య ఉన్నాడు. వచ్చినప్పుడల్లా కుండ అడుగు గీరి తిని పోయేవాడు. గాలి గట్టిగా వీస్తే వాణ్ణి మేమే పట్టుకోవాలి, అంత సన్నం. ఇద్దరూ ఒకే వంట తింటున్నారు. ఈ తేడా ఎందుకని నేను ఆలోచించి ఉండవలసింది. ఆలోచించడానికి ముందే నాకు జవాబు తోచింది. అక్క చాటుగా తింటోంది.

ఆ జవాబు మీద ఒక ఆట కట్టాను. దానికి 'రాజక్క ఉపవాసం' అని పేరు పెట్టాను. పెళ్లిళ్లలో, పిల్లల్ని ఉయ్యాలలో వేసే తొట్టెల నాడు, కచేరీకి సెలవొస్తే అరుగుల మీద ఆడేవాణ్ణి. మండే ఎండలో గొంగడి కప్పుకుని వచ్చేవాణ్ణి, ఎందుకంటే అక్కకు వైశాఖంలోనూ చలి. కనుబొమ్మల చివర్లు బూడిదతో చెరిపేవాణ్ణి, ఎందుకంటే అక్క కనుబొమ్మలు సగం దూరం వచ్చి ఆగిపోతాయి. నిండా బస్తాలు వేసిన బండిలా అడుగులో అడుగు వేసేవాణ్ణి. చాటలో రాళ్లు ఏరుతూ ఏరుతూ నిద్రపోయేవాణ్ణి. ఎవరైనా పిలిస్తే, ఈ జన్మ ముగిసి ఇంకో జన్మ మొదలయ్యేంత సేపటికి, కప్ప గొంతుతో "ఆఁ" అనేవాణ్ణి. ఆఖరున, "నేనేం తినలే తమ్మీ, నీళ్లే తాగిన" అంటూ గొంగడి కింద నుంచి బెల్లం ముద్ద తీసి బుగ్గన పెట్టుకునేవాణ్ణి. జనం నేల మీద దొర్లేవారు. ఒకాయన దొర్లి దొర్లి పక్క వీధిలో తేలాడు.

ఆటలో మిగతావన్నీ నేను అక్కలో చూసినవే. బెల్లం ముద్ద ఒక్కటే కల్పించింది. జనం నవ్వేది బెల్లం ముద్దకే.

అక్క ఆడవాళ్ల వెనక గోడకు ఆనుకుని కూర్చుని తనూ నవ్వేది. ఆమే నవ్వుతోంది గదా అనుకున్నాను.

పసుపు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పే ధైర్యం ఉండదు. మా బెల్లం కుండ తొందరగా దిగిపోతోందని లక్ష్మి అంది. దొంగను పట్టే ఉపాయం నేను పన్నాను. నందిపేట నుంచి వచ్చిన పసుపు పొడిని కొట్టుగది గడప లోపల పల్చగా చల్లాను. లోపలికి ఎవరు పోయారో వాళ్ల అరికాళ్లే చెబుతాయి. ఇంట్లో ముగ్గుపిండి ఉంది, పొయ్యి నిండా బూడిద ఉంది. పసుపైతే తొందరగా పోదని పసుపే తీసుకున్నాను. కాళ్లకు పసుపు ఎవరికి తగునో, ఎవరికి తగదని లోకం అంటుందో, ఆ తెలివైన క్షణంలో నా తలకు తట్టలేదు.

పొద్దున అక్క వాకిట్లోకి వచ్చింది. రెండు పాదాలూ పెళ్లికూతురి పాదాల్లా పచ్చగా ఉన్నాయి. పాలు పోసే ఆమె ఉంది, పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల చూపు ఎక్కడుందో చూసి అక్క తన కాళ్ల వైపు చూసుకుంది.

"నీకే ఆముదం కోసం పోయిన తమ్మీ" అంది. "నిన్న కడుపు బిగపట్టిందంటివి గద."

బావి దగ్గర కూర్చుని పెంకుతో పాదాలు రుద్దుకుంది. పసుపు పోయింది. ఆ తర్వాత కూడా రుద్దింది. ఆ మధ్యాహ్నమే నర్సయ్య వచ్చి, జరిగింది విని, "బెల్లం తినేది నేనే గద బావా, వచ్చినప్పుడల్ల ఓ ముద్ద. మీకు ఎరుకనే అనుకున్న" అన్నాడు. ఎవరికీ ఎరుక లేదు. సన్నటివాడు కుండ ఎత్తుకుపోతున్నా, కుండే వాడి వెంట నడుస్తోందని అనుకుంటాం.

అప్పటికైనా ఊరుకున్నానా? దొంగ ఎవరో తెలిశాక కూడా ఆ పచ్చటి కాళ్లను ఆటలో కలుపుకున్నాను. మునుపటికన్నా ఎక్కువ నవ్వారు.

*దసరా తర్వాత*

నా జబ్బు నిజాంసాగర్ కాలువలు పారిన నాలుగో ఏడు, దసరా వెళ్లాక మొదలైంది. అది జబ్బని నాకు తెలియదు. నాకు తెలిసినంత వరకు మొదలైనవి పొగడ్తలు. "మున్షీ సాబ్ నిగ్గు తేలిండు" అన్నారు కచేరీ ముందు. నెల తిరిగేసరికి అంగీ గుండీలు నిలవడం మానేశాయి. ఒక గుండీ ఎగిరి చప్రాసీ తలపాగాకు తగిలితే, ఎవరో రాళ్లు వేస్తున్నారని అతడు గేటు మూయించాడు.

తర్వాత చలి వచ్చింది. తర్వాత నిద్ర. ఒక రైతు తన ఎద్దును ఎవరో తోలుకుపోయిన సంగతి చెబుతుంటే, కలం కాగితం మీద ఆనించి నిద్రపోయాను. లేచేసరికి సిరా మచ్చ ఎద్దంత అయింది. రైతు ఓపికగా కూర్చుని ఉన్నాడు. "నా ఎద్దు గూడ గింత పండది మున్షీ సాబ్" అన్నాడు.

తిండి తగ్గించాను. ఒళ్లు తగ్గలేదు. హకీం దగ్గరికి పోతే నాడి పట్టుకున్నాడు, నా పొట్ట చూశాడు, నాడిని వదిలేశాడు. పదిహేను రోజులు జొన్న గటక, మజ్జిగ మీది తేట, అంతే అన్నాడు. మా నాన్న ఆత్మ మీద ఆన, అంతకు మించి ముట్టలేదు. పదిహేను రోజులయ్యాక అంగీ మెడ దగ్గర కూడా పట్టడం మానేసింది. హకీం నన్ను అడగడం దండగ అనుకుని లక్ష్మితో అన్నాడు. "ఇంట్ల ఎవరో చాటుగ పెడ్తున్నరమ్మా."

లక్ష్మి ఇంటికి వచ్చి కొట్టుగదికి తాళం వేసి చెవి కొంగుకు ముడేసుకుంది.

"నేనే దొంగతనంగ మేపుతున్ననని ఊరంత అంటది" అంది. "నాకన్న చెప్పున్రి. ఎక్కడ తింటున్నరు?"

"ఎక్కడ తినలే లక్ష్మీ."

"గట్లయితే గిదెక్కడిది?" అని నా పొట్ట వైపు చెయ్యి చూపించింది. తర్వాత పది రోజులు నాతో మాట్లాడలేదు. గటక గిన్నె నా ముందు పెట్టేటప్పుడు చప్పుడు కాస్త పెద్దగా చేసేది, అదే మా మధ్య మాట.

నర్సయ్య, "బావా, కచేరీ కాగితాలు నములుతున్నవా ఏంది" అన్నాడు. ప్రమాణాలు చేశాను, దేవుళ్ల పేర్లన్నీ అయిపోయే దాకా చేశాను. జీవితమంతా అర్జీలు రాసినవాడి మాటకు ఊళ్లో ఎంత విలువ ఉంటుందో అప్పుడు తెలిసింది. నమ్మింది రాజక్క ఒక్కతే. చాటలోంచి తలెత్తి, "తింటలేడు. నేను సూస్తున్న గద" అంది. లక్ష్మి విననట్టే లోపలికి పోయింది. చాటుగా తినే మనిషిగా నేనే పేరు పెట్టిన మనిషి సాక్ష్యం, ఎవరు వింటారు?

*గానుగలు ఆడే నెల*

పుష్యంలో నర్సయ్య నన్ను గాలి మార్పుకని తన ఊరు తీసుకుపోయాడు. బోధన్‌కు దగ్గరే, చుట్టూ చెరుకు. గానుగలు ఆడుతున్నాయి, బెల్లం వండుతున్నారు. నేను పొయ్యి పక్కన కూర్చున్నాను. కూర్చుని మూడు రోజులు లేవలేదు. పెద్ద కడాయి దించే నలుగురూ నన్ను ఒక బండరాయి అనుకుని చుట్టు తిరిగి పోయేవారు. అంత మంట పక్కనా నాకు వెన్నులో చలి. నాలుగో రోజు పిలిస్తే పలకలేదట. నర్సయ్య బండి కట్టించి నిజామాబాదు తెచ్చి, "మిషన్ దవాఖానకు పోవాలె. రేపు గాదు, ఇప్పుడే" అన్నాడు. వాడి మొహంలో నవ్వు లేకపోవడం నేను అంతకుముందు చూడలేదు. నేను చచ్చిపోతానన్నమాట అనుకున్నాను. నవ్వొచ్చే మాట ఒకటి వెతికాను, దొరకలేదు.

బండి ఇంటి దగ్గర ఆగినప్పుడు మా చిన్న కూతురికి జ్వరంగా ఉంది. లక్ష్మి కదలలేదు. నర్సయ్య అలసిన ఎడ్లను విప్పేశాడు. "నేను తోల్కపోత" అని అక్క గొంగడి కప్పుకుంది.

దవాఖాన మా ఇంటికి రెండు వీధులే. ఆ రెండు వీధులూ మాకు కాశీయాత్ర అయ్యాయి. నేను నాలుగు అడుగులు వేసి ఆగేవాణ్ణి, అక్కా అక్కడే ఆగేది. నేను నిట్టూర్చేవాణ్ణి, అక్కా నిట్టూర్చేది. ఇద్దరికీ గొంగళ్లు, ఇద్దరిదీ ఒకే నడక. దర్జీ దుకాణం ముందు ఎవరో, "జోడు బండ్లు పోతున్నయి సూడు" అన్నారు. నవ్వు వినిపించింది. ఆ నవ్వు నాకు కొత్త కాదు. ఏళ్ల తరబడి దాన్ని నేనే పెంచి పోషించాను. ఆ రోజు మాత్రం అది నా వీపు మీద పడింది. అక్క తల తిప్పలేదు. ఆమె వీపుకు అది అలవాటు.

వరండా నిండా మనుషులు. సిరికొండ నుంచి వచ్చిన ఒక అవ్వ జరిగి చోటిచ్చి, తన దుప్పటి కొస మా ఇద్దరి మీదికీ లాగింది. రూతమ్మ అనే నర్సు, అక్కడి మెథడిస్టు క్రైస్తవ కుటుంబాల అమ్మాయి, బొగ్గుల కుంపటి తెచ్చి మా కాళ్ల దగ్గర పెట్టింది. ఎవరూ అడగలేదు.

"అక్కతమ్ములా మీరు?" అంది.

"నీకెట్ల ఎరుక బిడ్డా?" అంది అక్క.

"మొకాలు సూస్తే ఎరుకైతలేదా" అని రూతమ్మ మా ఇద్దరినీ ఇంకాసేపు చూసింది. మాది చూడగానే పోల్చుకునే పోలిక కాదు. నాది తల్లి పోలిక, అక్కది తండ్రి పోలిక. రూతమ్మ చూసింది వేరే పోలిక.

మధ్యాహ్నానికి నా వంతు వచ్చింది. డాక్టర్ దొరసాని. తెలుగు ఒక్కో మాటా తూచి పెట్టేది, ఆగినచోట రూతమ్మ అందుకునేది.

"చలి వేస్తుందా?"

"వేస్తుంది."

"ఎండకాలం గూడ సలి పెడ్తదా అని అడుగుతున్నరు" అంది రూతమ్మ.

ఎండాకాలానికి నేనింకా రాలేదు. కానీ ఎండలో గొంగడి ఎవరిదో నాకు తెలుసు.

నిద్ర ఎక్కువా? గొంతు మారిందా, బొంగురుపోయిందా? నడక మందమయిందా? పిలిస్తే వెంటనే పలకలేకపోతున్నారా? ఆమె అడుగుతూ పోతోంది, నేను తల ఊపుతూ పోతున్నాను. కాస్సేపటికి తల ఊపడం కూడా మానేశాను. నా ఆట నాకు ఎవరో వరస తప్పకుండా చదివి వినిపిస్తున్నారు. దొరసాని వంగి బొటనవేలితో నా కనుబొమ్మను చివరి దాకా రాసింది. చివర వెంట్రుకలు లేవు. నేను బూడిద పెట్టి చెరిపే చోట దేవుడే చెరిపేశాడు.

ఇక బెల్లం ముద్ద గురించి అడుగుతుందని కాచుకుని కూర్చున్నాను. అడగలేదు. చాటుగా ఏమైనా తింటావా అన్న ప్రశ్నే ఆమె దగ్గర లేదు.

గొంతులో ఒక గ్రంథి ఉంటుందట, ఒంట్లో మంటను ఎగదోసేది అదేనట. మూడు రోజులు బెల్లం పొయ్యి పక్కన కూర్చున్నవాణ్ణి గనుక నాకు తొందరగానే బోధపడింది. రెండు కడాయిల్లో ఒకే చెరుకు రసం పోసి, ఒక పొయ్యిలో ఎండు పిప్పి, రెండో పొయ్యిలో తడి పిప్పి వేస్తే, రెండోదాంట్లో రసం ఎక్కువ పోశావని వంటవాణ్ణి తిడతామా? తిడతాం. నేను తిట్టాను. జబ్బు లేకున్నా కొందరి ఒళ్లు గాలికి కూడా పెరుగుతుందని, కొందరిది కుండ మింగినా పెరగదని, తల్లి కడుపులోంచే అలా వస్తారని, ఎందుకో తమకే పూర్తిగా తెలియదని కూడా దొరసాని చెప్పింది. తెలియదని ఒప్పుకున్న మొదటి వైద్యం అదే. నాకు నమ్మకం కుదిరింది.

"ఇంట్లో ఇలాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అంది ఆఖరున.

తలుపు అవతల, నాలుగు అడుగుల దూరంలో, బల్ల మీద కూర్చుని ఉంది.

"లేరు" అన్నాను.

ఎందుకన్నానో చెబుతాను, సమర్థించుకోవడానికి కాదు. ఉన్నారంటే ఆమెను లోపలికి పిలుస్తారు. అవే ప్రశ్నలు ఆమెను అడుగుతారు. ఆమె ప్రతిదానికీ తల ఊపుతుంది. ఊళ్లో నాకున్న ఒకే ఒక్క గొప్పతనం అక్కడితో ఒక జబ్బు మనిషిని చూసి వెక్కిరించడంగా తేలుతుంది. రూతమ్మ తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది, లేరని రాసుకుంది.

బయటికి రాగానే అక్క, "ఏమన్నది తమ్మీ? బతుకుతవా?" అంది.

"బతుకుత అక్కా. బొంబాయి నుంచి గోలీలు తెప్పిస్తరట."

అక్క గొంగడి కొసతో కళ్లు తుడుచుకుంది. "ఇగ చాలు" అంది. తిరుగుదారిలో నన్ను చెయ్యి పట్టుకుని నడిపించింది.

*కాముని పున్నమి, ఉగాది*

గోలీలు మూడు వారాలకు వచ్చాయి. గొర్రె గొంతులోంచి తీసిన గ్రంథిని ఎండబెట్టి చేస్తారట. నాకు నీసు పట్టింపు లేదు, మింగాను. కాముని పున్నమి నాటికి గొంతు తేటపడింది, మెలకువగా అర్జీలు రాశాను. చాటుగా తినడం కాదని తేలాక లక్ష్మి కొట్టుగది తాళం తీసేసి, ఏమీ అనకుండా ఆ పూట నెయ్యి రెండు గరిటెలు ఎక్కువ వేసింది. నర్సయ్య నన్ను చూసి వాకిట్లోనే ఏడ్చాడు.

అక్క మాత్రం ఇంకా మందమయింది. ఒకనాడు బావి దగ్గర చేద పట్టుకుని నిలబడే నిద్రపోయింది, లక్ష్మి లాగకపోతే పడేదే. మొహం వాచింది. నా గోలీల సీసా గూట్లో ఉండేది. పొద్దున్నే ఆ సీసా నాకు అందించేది అక్కే. నేను అందుకునేవాణ్ణి, మింగేవాణ్ణి, నీళ్ల చెంబు తిరిగి ఇచ్చేవాణ్ణి. ఇవాళ చెబుదాం, పండుగ కానీ, నా ఒళ్లు ఇంకాస్త కుదుటపడనీ. వాయిదాలు ఎలా అడగాలో కచేరీ ముందు కూర్చునేవాడికి ఒకరు నేర్పాలా?

కామదహనం నాడు వీధివాళ్లు ఆట ఆడమన్నారు. గొంతు ఇంకా బాగుపడలేదని చెప్పాను. అది బాగా గట్టిగా, తేటగా వినిపించేటట్టు చెప్పాను.

ఉగాది దాటాక దవాఖానకు మళ్లీ రమ్మన్నారు. అక్క అన్నం మూట పట్టుకుని వెంట వచ్చింది. ఈసారి నేను ముందు నడుస్తున్నాను. నాలుగుసార్లు ఆగి వెనక్కి చూడవలసి వచ్చింది. నాలుగోసారి ఆమె ఒకరి అరుగు మీద కూర్చుని, "నువ్వు పో, నేనొస్త" అని చేత్తో సైగ చేసింది. మాట్లాడే ఊపిరి లేదు.

దవాఖాన మెట్ల దగ్గర రూతమ్మ ఉంది. వీధి చివర మెల్లగా వస్తున్న గొంగడిని చూసింది.

"మున్షీ సాబ్, ఇంట్ల ఎవ్వరు లేరని రాయించినవు. మరి గా వచ్చేటామె ఎవరు?"

"మా అక్క."

"నీకు మంచిగైతున్నది. ఆమెకు గూడ కావద్దా?"

అంతే అంది. లోపలికి పోయింది. ఆ పిల్ల నన్ను తిట్టి ఉంటే తిరిగి ఏదో అనేవాణ్ణి, అది నాకు చేతనవును.

అక్క వచ్చి బల్ల మీద కూర్చుంది. నేను కింద, ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. పెద్ద అర్జీలు ఎత్తుకునే తీరులు నాకు ఇరవై తెలుసు. ఒక్కటీ రాలేదు.

"అక్కా, నీది తిండి గాదు. జబ్బు."

"ఏం జబ్బు?"

"నాదే. నీకే ముందుగాల వచ్చింది. సలి, నిద్ర, గొంతు, గీ ఒళ్లు, అన్ని దాంతోటే. తింటే వచ్చింది గాదు."

అక్క అన్నం మూట ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. తర్వాత, నేను ఊహించని మాట అడిగింది.

"అయితే నేను తింటలేనా?"

"ఏందక్కా?"

"నిద్రల లేసి తింటున్ననేమో అనుకున్న. తెలివిల ఉన్నప్పుడైతే తింటలేను, గది నాకెరుకే. మరి ఒళ్లెట్ల పెరుగుతది? నువ్వు చదువుకున్నోనివి. పదిమందిల చెప్తున్నవు. సూడకుంట చెప్తవా? నిద్రల లేసిపోయి తింటుంటే నువ్వు సూసినవనుకున్న." చీర కుచ్చెళ్లు కాస్త జరిపి ఎడమ కాలు చూపించింది. చీలమండ చుట్టూ చర్మం నల్లగా కాయ కాసింది. "అందుకే కాలిని మంచానికి కట్టేసుకొని పండుకుంటున్న. లేస్తే తాడు గుంజుతది, తెలివొస్తదని."

"ఎప్పటిసంది?"

"పసుపు అయిన కాడికెల్లి."

అక్కడ నేను ఏడ్చానని రాస్తే మీకు తేలికగా ఉంటుంది. ఏడవలేదు. ఆ కాలి మచ్చనే చూస్తూ కూర్చున్నాను. నా ఆటను నిజమని నమ్మిన ప్రేక్షకురాలు లోకంలో ఒక్కతే ఉంది, అది ఆమె. మిగతావాళ్లంతా నవ్వి మరిచిపోయారు.

"గీ సంగతి నీకెప్పుడెరుకైంది?" అంది అక్క.

అబద్ధం నాలుక చివరన సిద్ధంగానే ఉంది. 'ఇప్పుడే' అనొచ్చు.

"పుష్యంల" అన్నాను.

ఆమె వేళ్లు మడిచింది. పుష్యం, మాఘం, ఫాల్గుణం. మూడు వేళ్లను కాసేపు అలాగే చూసింది.

"మూడు నెల్లు ఊకెనే కట్టేసుకున్న" అంది. కోపంగా కాదు. కాలం ఎక్కడ పోయిందో చూసుకునే మనిషిలా.

దొరసాని ఆమెను చూసింది. ప్రశ్నలు అవే. నేను తలుపు దగ్గర నిలబడి అన్నిటికీ అక్క జవాబులు విన్నాను. గోలీలు రాసిచ్చారు. అక్క గురువు దగ్గర బోధ తీసుకుని నీసు మానేసి పదిహేనేళ్లు. గోలీ దేంతో చేస్తారో చెప్పకపోతే ఆమెకు తెలిసే దారి లేదు. చెబితే మింగదేమోనని నాకు భయం. బయటికి వచ్చాక ఆమే అడిగింది. "దేనిదిరా గోలీ? నిజం చెప్పు."

"గొర్రె గొంతుది."

అక్క నడుస్తూ ఆలోచించింది. దర్జీ దుకాణం దాటాక అంది. "ఏం తినలేదంటే ఎవ్వరు నమ్మకపోయిరి. ఇగ తిన్ననని చెప్తే అందరు నమ్ముతరు. తెప్పియ్యి."

*వానల దాకా*

ఎండాకాలం మధ్యలో అక్క మొహం వాపు దిగింది. గొంతులో కప్ప వెళ్లిపోయింది. బావి దగ్గర నుంచి లక్ష్మిని పిలిస్తే వీధి చివరికి వినిపిస్తుంది ఇప్పుడు. తాడు విప్పేసింది. కాలి మీద మచ్చ పోలేదు. ఆమె సన్నబడలేదు, అదీ చెప్పాలి. కొంచెం తగ్గింది, అక్కడ ఆగింది. ఇది ఈమె ఒళ్లు, ఇంతే ఉండొచ్చు, తప్పేం లేదు అంది దొరసాని. నన్ను క్షమించిందా అని అడక్కండి. నేను అడగలేదు. అడిగితే 'పోనీ తమ్మీ' అంటుంది. ఆ మాట వినే అర్హత సంపాదించే పని ఇంకా మిగిలి ఉంది.

వానాకాలం మొదట్లో నర్సయ్య కొడుకు తొట్టెలకు అందరం పోయాం. 'ఉపవాసం' ఆడమని అరుపులు. లేచి నిలబడి, అందులో బెల్లం ముద్ద నా కల్పన అని, మిగతాదంతా ఒక జబ్బని, ఆ జబ్బు నాకూ వచ్చిందని, అక్క ఏనాడూ చాటుగా తినలేదని చెప్పాను. జీవితంలో మొదటిసారి ఏదీ పెంచకుండా మాట్లాడాను. అంత చప్పగా మాట్లాడినవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు. వెనక నుంచి ఒక పెద్దాయన, "మున్షీ జబ్బుతోటి తమాషా గూడ పాయె" అని పక్కాయనతో అన్నాడు. నిజమే. కానీ లేచి పోతుంటే ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గరికి వచ్చింది. "మా కోడలికి గూడ ఎండల సలి పెడ్తది సాబ్. కూసుంటే కునుకుతది. మేము పనిదొంగ అంటున్నం" అంది. దవాఖాన దారి చెప్పాను. వరండాలో ఎటు కూర్చుంటే ఎండ పడుతుందో కూడా చెప్పాను.

మీ ఇంట్లోనూ అలాంటివాళ్లు ఉంటే, ముందు కుండ కొలవకండి. మనిషిని అడగండి. జబ్బే కానక్కర్లేదు. జబ్బు లేకపోయినా ఆ ఒళ్లు వాళ్ల తప్పని మీకు ఎవరు చెప్పారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. నాలాంటివాడే చెప్పి ఉంటాడు, బాగా నవ్వించి ఉంటాడు.

తొట్టెల నుంచి తిరిగి వచ్చిన మూడో నాడు, మధ్యాహ్నం. మా వెంట వచ్చిన నర్సయ్య నా పక్కన కూర్చుని మూడోసారి అన్నం కలుపుతున్నాడు. ఇన్నేళ్లూ అందరం లేచాక వంటింటి మూల గోడ వైపు తిరిగి తినే అక్క, ఆ రోజు ఎవరూ పిలవకుండానే విస్తరి తెచ్చుకుని మా వరసలో, నాకు ఎదురుగా కూర్చుంది. లక్ష్మి వడ్డించింది. అక్క మెల్లగా అంతా తినేసింది. తర్వాత తలెత్తి, పక్కింటికి వినిపించే ఆ కొత్త గొంతుతో అంది.

"లక్ష్మీ, జర ఇంకింత అన్నం పెట్టు."

గరిటె పట్టుకున్న లక్ష్మి చెయ్యి ఆగింది. నర్సయ్య నా వైపు చూశాడు. నాకు ఒక నవ్వించే మాట తట్టింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా మంచి మాట, నా జీవితంలో అంత బాగా ఏదీ తట్టలేదు. అక్క కూడా నా మొహమే చూస్తోంది, కాచుకుని.

నేను పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. లక్ష్మి అన్నం వడ్డించే దాకా, అక్క చారు పోసుకుని కలుపుకునే దాకా, మొదటి ముద్ద ఆమె నోట్లోకి పోయే దాకా నములుతూనే ఉన్నాను.